మొక్కలకు పది పైసలు... మరి మనకెంత?

"ఊరు గదే, ఇల్లు గదే, ఇంటి ముందటి మోరీ గదే! బోర్డు ఒక్కటే మారింది బిడ్డా. బోర్డు మారినందుకు పన్ను మారాల్నా?"

మా చిన్నమ్మ అడిగిన ప్రశ్న ఇది. ఈమధ్యే మున్సిపాలిటీలో కలిసిన ఊరు వాళ్లది. ఏ ఊరో చెప్పను లెండి. చెబితే రేపటి నుంచి చెత్తబండి తన గుమ్మం ముందు ఆగదేమోనని ఆవిడ భయం! చేతిలో ఇంటిపన్ను కాగితం పట్టుకుని నా మొహంలోకి చూస్తోంది. నా దగ్గర జవాబు లేదు. డిగ్రీ చదివాను. పొద్దున్నే పేపరు తిరగేస్తాను. ఢిల్లీ బడ్జెట్ లో ఏది పెరిగిందో, ఏది తగ్గిందో పోపు వేస్తూనే చెప్పేస్తాను. కానీ మా వీధి దీపం ఎవరి పద్దులోంచి వెలుగుతోందో ఎన్నడూ అడిగిన పాపాన పోలేదు. మీలో ఎంతమంది అడిగారు? నిజం చెప్పండి!

"ఆ లెక్కలన్నీ మగవాళ్ల గోల" అని పేజీ తిప్పేయకండి. నల్లా ఎప్పుడొస్తుందో తెలియక నిద్ర పాడు చేసుకునేది మనం. మోరీ పొంగితే చీపురు పట్టేది మనం. పిల్లకు డెంగీ వస్తే ఆస్పత్రి బల్ల మీద రాత్రంతా కూర్చునేది మనం. మరి ఆ మోరీకి డబ్బెక్కడిదో, ఎటు పోయిందో మనకు పట్టకపోతే ఎలా?

హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే రోడ్డు మీద, ముసలి మర్రిచెట్ల నీడన, ముందు మొయినాబాద్ వస్తుంది, ఆ తర్వాత చేవెళ్ల. రెండూ రంగారెడ్డి జిల్లాలో మండల కేంద్రాలే. నగరంలో మనం వండుకునే టమాటాలు, ఆకుకూరలు, దేవుడి పటానికి వేసే బంతిపూలు... వీటిలో ఎన్నో ఈ చుట్టుపక్కల చేలల్లోంచి వచ్చినవే. చిలుకూరు బాలాజీకి ప్రదక్షిణలు చేసేవాళ్లు తొక్కేదీ మొయినాబాద్ మండలం నేలే. 2025 జనవరిలో తెలంగాణలో 12 కొత్త మున్సిపాలిటీలు ఏర్పడ్డాయి. కోహీర్, ఇస్నాపూర్, దేవరకద్ర, కేసముద్రం, స్టేషన్ ఘన్‌పూర్, అశ్వారావుపేట వంటి ఊళ్లతో పాటు చేవెళ్ల, మొయినాబాద్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. చుట్టుపక్కల పంచాయతీలను కలిపేసి ఒక్కొక్కటీ ఒక పట్టణం చేశారు.

కాస్త వెనక్కి వెళ్తే... రాష్ట్రంలో సర్పంచుల పదవీకాలం 2024 జనవరి నెలాఖరుతో ముగిసింది. ఫిబ్రవరి నుంచి ప్రత్యేకాధికారుల పాలన. ఏడాది తిరగకుండానే ఈ ఊళ్లకు మున్సిపాలిటీ బోర్డు వచ్చింది. ఆ మొదటి ఏడాదీ అధికారుల చేతుల్లోనే గడిచిపోయింది. అంటే 2025-26 సంవత్సరానికి ఈ రెండు పట్టణాల తొలి పద్దు రాసినప్పుడు, 'ఇది మా వార్డుకు కావాలి' అని బల్ల గుద్ది అడిగే కౌన్సిలర్ ఒక్కరూ లేరు. కోడలు కాపురానికొచ్చిన మొదటి ఏడు ఆమెను అడక్కుండానే సరుకుల చీటీ రాసేసినట్టు!

పల్లె పట్నమైతే మంచిదే కదా అంటారా? కొంత మంచే. కాదని ఎవరూ అనరు. కానీ పోయినవేంటో ముందు చూద్దాం. అవన్నీ ఆడవాళ్లవే కాబట్టి.

మొదటిది, ఉపాధి హామీ పని. 2005 చట్టంతో వచ్చిన ఆ పనిలో కనీసం మూడో వంతు ఆడవాళ్లకివ్వాలని రాసుకున్నారు. మన దగ్గర సగానికి మించి ఆడవాళ్లే గడ్డపార పట్టారు. 2025 డిసెంబరులో ఆ చట్టం పోయి కొత్త చట్టం వచ్చింది, పేరు మారింది, వంద రోజులు నూట పాతిక రోజులన్నారు. అదీ గ్రామాలకే! ఊరు మున్సిపాలిటీ అయిందంటే జాబ్ కార్డు బీరువాలో దాచుకోవాల్సిందే. వేసవిలో భూములు ఖాళీగా ఉన్నప్పుడు మా చిన్నమ్మ వీధిలో నాలుగిళ్ల ఆడవాళ్లకు చేతిలో పడే డబ్బు అదొక్కటే. పట్నమైన మర్నాడు ఆ డబ్బు ఆగింది. చేనులో కలుపు మాత్రం ఆగలేదు.

రెండోది, పొదుపు సంఘం. ఊళ్లో ఉన్నప్పుడు గ్రామ సంఘం, మండల సమాఖ్య, ఐకేపీ సీసీ... అంతా అలవాటైన దారి. పట్టణమయ్యాక ఆ సంఘాలు మెప్మా కిందికి పోవాలి. 2007 నుంచి ఉన్న సంస్థే అది, కొత్తదేం కాదు. అయినా పుస్తకాలు మారడం, ఖాతాలు మారడం, 'మీ కాగితం అక్కడే ఉంది', 'కాదు ఇక్కడికి రాలేదు' అని రెండు ఆఫీసుల మధ్య తిరగడం... ఆ తిరుగుడంతా ఎవరి కాళ్లదో వేరే చెప్పాలా?

మూడోది అన్నిటికన్నా పెద్దది. కానీ ఎవరూ దాని గురించి బాధపడగా నేను చూడలేదు. అదే గ్రామసభ! తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. పెట్టారా లేదా, పెట్టినా మనం వెళ్లామా లేదా అన్నది వేరే సంగతి. చెట్టు కింద తివాచీ వేసి పదిమంది మగవాళ్లు కూర్చుంటే మనం గోడ పక్కన కొంగు చుట్టుకుని నిలబడ్డామనే అనుకుందాం. అయినా లేచి అడిగే హక్కుండేది. మున్సిపాలిటీలో గ్రామసభ లేదు. కౌన్సిల్ సమావేశంలో మాట్లాడేది కౌన్సిలర్లే.

దానికి బదులుగా 2019 మున్సిపాలిటీల చట్టం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు పెట్టమంది. యువకులకొకటి, పెద్దవాళ్లకొకటి, ఊళ్లో పేరున్నవాళ్లకొకటి, మహిళలకొకటి. ఒక్కో దాంట్లో 15 మంది. మీ వార్డు మహిళా కమిటీలో ఉన్న ఆ 15 మంది పేర్లు మీకు తెలుసా? పోనీ, అందులో మీ పేరే ఉందేమో ఎప్పుడైనా చూశారా? నవ్వకండి. కాగితం మీద ఖాళీలు నింపేటప్పుడు పొదుపు సంఘం రిజిస్టరే ముందు దొరుకుతుంది మరి!

సరే, ఇప్పుడు అసలు డబ్బు దగ్గరికొద్దాం.

మున్సిపాలిటీ సంపాదన మన ఇంటి సంపాదనలాంటిదే. కొంత సొంతం, కొంత పెద్దలిచ్చింది. సొంతమంటే ఇంటిపన్ను, ఖాళీ స్థలాల పన్ను, ఇల్లు కట్టుకునేందుకు ఇచ్చే అనుమతి ఫీజు, దుకాణాల లైసెన్సు, నల్లా చార్జీ. భూములు చేతులు మారినప్పుడు రిజిస్ట్రేషన్ దగ్గర కట్టే బదిలీ సుంకంలో స్థానిక సంస్థలకూ వాటా ఉంది. పెద్దలిచ్చింది అంటే కేంద్ర, రాష్ట్ర ఆర్థిక సంఘాల సొమ్ము. దానికో చిక్కుంది. 15వ ఆర్థిక సంఘం 2021-26 మధ్య ఇచ్చిన నిధుల్లో 60 శాతం మంచినీళ్లకు, పారిశుద్ధ్యానికే ఖర్చుపెట్టాలని షరతు పెట్టింది. మరో షరతు, ఎన్నికైన పాలకవర్గం ఉండాలని. ఎన్నికలు ఆలస్యమైతే పోయేది నాయకుల కుర్చీ మాత్రమే కాదు, మన మోరీ మీది సిమెంటు కూడా.

మా చిన్నమ్మ పన్ను సంగతి ఇక్కడే చెప్పాలి. 75 గజాల లోపు జాగాలో కట్టుకున్న చిన్న ఇంటికి ఏడాదికి పన్ను వంద రూపాయలే అని ఆ 2019 చట్టమే చెబుతోంది. పెద్ద ఇల్లయితే ఎవరి ఇంటి కొలత వాళ్లే రాసివ్వాలి. అబద్ధం రాస్తే పాతిక రెట్లు కట్టాలి. ఏప్రిల్ లోనే ఆ ఏడు పన్ను మొత్తం కట్టేస్తే ఐదు శాతం తగ్గింపు ఇస్తూ వస్తున్నారు. ఆలస్యం చేస్తే నెలకు రెండు శాతం అదనం. చీటీపాట వడ్డీ లెక్కలు వేళ్ల మీద చేసే మనకు ఇది తెలియకపోవడం సిగ్గు కాదూ? మా చిన్నమ్మ కాగితం తీసుకుని చూశాను. మిద్దె వేసుకుని కిందిది అద్దెకిచ్చింది కదా, పన్ను పెరగడం అన్యాయం కాదని చెప్పాను. అలిగింది. "నువ్వు గూడ గాళ్ల దిక్కేనా?" అంది. నేను ఎవరి దిక్కూ కాదు. పన్ను కట్టకుండా దీపం కావాలనడం నాకు నచ్చదు, అంతే. కట్టినవాళ్లు లెక్క అడక్కపోవడం అసలే నచ్చదు.

ఈ రెండు పట్టణాల ఖజానా కథలో మరో పాత్ర ఉంది. 111 జీవో. గండిపేట, హిమాయత్ సాగర్ జలాశయాలను కాపాడాలని 1996 మార్చి 8న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చింది. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచేశాక కట్టుకున్న చెరువులివి. మూసీ మీద గండిపేట 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వాటికి పది కిలోమీటర్ల లోపు 84 గ్రామాల్లో కాలనీలు, పెద్ద హోటళ్లు, కాలుష్యం చేసే ఫ్యాక్టరీలు రాకూడదన్నారు. మొయినాబాద్ మండలంలో చాలా ఊళ్లు, చేవెళ్ల మండలంలో కొన్ని అందులో పడ్డాయి. ఉద్దేశం గొప్పదే. కానీ జరిగిందేంటి? సామాన్యుడు రెండు గదులు పొడిగించుకోవాలంటే భయం. మరోపక్క చెట్ల మధ్య ప్రహరీగోడలు లేచి, లోపల ఫాంహౌసులు వెలిశాయి. శనివారం సాయంత్రాలు ఆ గేట్ల ముందు కార్లు బారులు తీరతాయి. ఆదివారం రాత్రికి ప్లాస్టిక్ పళ్లేలు, సీసాలు సంచులకొద్దీ బయటికొస్తాయి. వాటిని ఎత్తేది ఊరి సఫాయి మనిషి. చాలా చోట్ల ఆడమనిషే. 2022 ఏప్రిల్ 12న వచ్చిన 69 జీవో ఆ ఆంక్షలను సడలించింది. జలాశయాల నీళ్లు పాడుకాకూడదన్న షరతు మాత్రం ఉంచింది.

ఎందుకింత చెబుతున్నానంటే, ఇక్కడి మోరీ నీరు వాలు చూసుకుని ఆ చెరువుల వైపే పోతుంది. మొయినాబాద్ లో మురుగు కాలువకు పెట్టే రూపాయి అక్కడివాళ్ల కోసమే కాదు, హైదరాబాద్ లో మీ ఇంటి నల్లా కోసం కూడా. కాబట్టి 'అది వాళ్ల ఊరి గొడవ' అని బంజారాహిల్స్ అక్కయ్యలు అనుకోకండి. ఆ ఫాంహౌసుల్లో కొన్ని మీవే కదా! ఖాళీ స్థలం పన్ను, ఇంటిపన్ను సరైన కొలతతో కట్టారో లేదో ఈ ఆదివారం మీవారినోసారి అడగండి.

ఇక ఖర్చులు. జీతాలు, కరెంటు బిల్లు, చెత్త, నీళ్లు. ఇవి పోగా మిగిలేది చేతిలో చిల్లరే, ఏ చిన్న పట్టణంలోనైనా. ఐతే ఆ 2019 చట్టంలో ఒక మాట గట్టిగా రాశారు. బడ్జెట్ లో పది శాతం పచ్చదనానికి పెట్టాల్సిందే అని! నాటిన మొక్కల్లో 85 శాతం బతక్కపోతే వార్డు సభ్యులే జవాబు చెప్పుకోవాలి. మంచి నిబంధనే. మొక్క బతకాలి, కాదనను. మర్రిచెట్ల కోసం కోర్టుకెక్కిన రోడ్డు మనది!

కానీ నాకో సందేహం. మొక్కలకు రూపాయిలో పది పైసలు రాసిపెట్టగలిగిన చట్టం ఆడవాళ్ల కోసం విడిగా ఎన్ని పైసలు రాసింది? సీట్లలో సగమిచ్చారు, సంతోషం. సొమ్ములో?

ఇదేం గొంతెమ్మ కోరిక కాదు. కేరళలో 1996లో ప్రజా ప్రణాళిక మొదలుపెట్టినప్పుడు, పంచాయతీలకూ మున్సిపాలిటీలకూ ఇచ్చే ప్రణాళిక నిధుల్లో కనీసం పది శాతం మహిళల పనులకే ఖర్చుపెట్టాలని నియమం పెట్టుకున్నారు. అన్నిచోట్లా సవ్యంగా జరగలేదట. మొదట్లో ఆ డబ్బుతో కుట్టుమిషన్లూ కోళ్లూ పంచి చేతులు దులుపుకున్న ఊళ్లున్నాయి. అయినా పద్దులో ఒక గీత గీశారు కదా! గీత ఉంటేనే దాని కింద ఎంత రాశారో అడగ్గలం. బ్రెజిల్ లో పోర్టో అలెగ్రే అనే నగరంలోనైతే 1989 నుంచి వాడల్లో జనమే కూర్చుని ముందు ఏ వీధికి నీళ్లో, ఏ వీధికి మోరీయో తేల్చుకోవడం మొదలుపెట్టారు.

మనకు గీత గీస్తే ఏం రాస్తారు? నన్నడిగితే మొదటి పేరు రోడ్డు పక్కన గంప పెట్టుకుని కూర్చునే కూరగాయలావిడది. పొద్దున నాలుగింటికి లేచి చేలో కోసి, ఆటోలో తెచ్చి, చీకటి పడేదాకా కూర్చుంటుంది. మధ్యాహ్నం నీళ్లు తాగదు. ఎందుకు తాగదో మీకు తెలుసు. వెళ్లడానికి చోటుండదు కాబట్టి. ఏ చిన్న పట్టణమైనా తీసుకోండి, బస్సు స్టేజీ దగ్గర కట్టిన మరుగుదొడ్డికి తాళమో, నీళ్లు లేకపోవడమో, తలుపు గొళ్లెం విరిగిపోవడమో ఏదో ఒకటి ఉంటుంది. ప్రారంభోత్సవం ఫొటోలో మాత్రం తెల్లగా మెరుస్తూ ఉంటుంది!

2024 డిసెంబరు 2న చేవెళ్ల మండలం ఆలూరు స్టేజీ దగ్గర ఒక లారీ అదుపు తప్పి రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకునే వాళ్ల మీదికి దూసుకొచ్చింది. ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడు నవంబరు 3న అదే మండలంలో మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును గుద్దితే 19 మంది చనిపోయారు. రోడ్డు జాతీయ రహదారి, దాన్ని వెడల్పు చేయడం మున్సిపాలిటీ పని కాదు, నాకు తెలుసు. కానీ గంపలు పెట్టుకునేవాళ్లను ఆ రోడ్డు అంచు నుంచి లోపలికి తెచ్చి, నీడా నీళ్లూ ఉన్న చోటు చూపించడం ముమ్మాటికీ స్థానిక పాలన పనే.

ఇక్కడే పట్నం కావడం వల్ల ఒక మేలు జరిగింది. దీన్ని మాత్రం వదులుకోకూడదు. 2014లో పార్లమెంటు చేసిన వీధి వ్యాపారుల చట్టం పట్టణాలకు వర్తిస్తుంది. పంచాయతీగా ఉన్నన్నాళ్లూ ఈ ఊళ్లకు అది అక్కరకు రాలేదు. ఇప్పుడు వస్తుంది. వీధిలో అమ్ముకునేవాళ్లను లెక్కరాసి గుర్తింపు పత్రం ఇవ్వాలి, అమ్ముకునే చోటు చూపించాలి, చెప్పాపెట్టకుండా గంప తన్నేయకూడదు. పట్టణ వెండింగ్ కమిటీ అని ఒకటి వేయాలి. అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. చూశారా, సంచీలో చిల్లర లెక్కపెట్టుకునే ఆవిడ కమిషనర్ పక్కన కుర్చీలో కూర్చునే హక్కు! ఆ సంగతి ఆమెకు చెప్పేవాళ్లెవరు? రేపు కొత్తిమీర కట్టకు రెండు రూపాయలు బేరమాడేటప్పుడు ఈ మాట కూడా ఆవిడ చెవిన వేయకూడదా?

మహిళా కౌన్సిలర్ల మాట చెప్పకపోతే ఈ వ్యాసం సగమే. 1995లో మూడో వంతు రిజర్వేషన్ తో మన ఊళ్లలో తొలిసారి అంతమంది సర్పంచులయ్యారు. అప్పుడే 'సర్పంచ్ పతి' అనే కొత్త పదవి కూడా పుట్టింది. ముప్ఫయ్యేళ్లయింది. ఇప్పుడు సగం సీట్లు మనవే. ఫ్లెక్సీలో మాత్రం ఆమె బొమ్మ కన్నా ఆయన బొమ్మే పెద్దది! చేవెళ్ల నుంచి శాసనసభకు వెళ్లిన సబితా ఇంద్రారెడ్డి 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్ తొలి మహిళా హోంమంత్రి అయ్యారు. ఆ గడ్డ మీద వార్డు కౌన్సిలర్ సంతకం భర్త చేస్తే నవ్వుకోమూ? తప్పు ఆయనదొక్కడిదే అనను. వార్డులో పనిబడితే మనమూ "అన్న ఉన్నాడా?" అనే కదా ఆ గేటు ముందు నిలబడి అడిగేది! ఇకమీదట "అక్క ఉందా?" అని అడిగి చూద్దాం. పది గొంతులు అదే అడిగితే ఆమే బయటికొస్తుంది, రాక తప్పదు.

పద్దు కావాలంటే ఎలాగని అడుగుతారేమో. 2005 సమాచార హక్కు చట్టం కింద తెల్లకాగితం మీద రాసి, పది రూపాయలు కట్టి ఇవ్వడమే. 30 రోజుల్లో జవాబివ్వాలి. అసలు బడ్జెట్, ఖర్చు వివరాలు ఎవరూ అడక్కుండానే బయటపెట్టాలని అదే చట్టం చెబుతోంది.

మా చిన్నమ్మకు ఇదంతా చెప్పేసరికి అలక తీరింది. పాలవాడి లెక్క ఇప్పటికీ గోడ మీద సున్నం బొట్లు పెట్టి గుర్తుంచుకునే మనిషి ఆమె. నెలాఖరుకు అర లీటరు తేడా వచ్చినా పాలవాణ్ని వదలదు. మనవడి నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి నా ముందు పెట్టింది. వార్డులో పోయినేడు ఎంత పన్ను వసూలైంది, మోరీలకెంత, దీపాలకెంత, మహిళా కమిటీలో ఎవరున్నారు, అది ఎన్నిసార్లు కూర్చుంది... వరసగా రాశాను. సంతకం పెట్టబోతూ ఆగింది.

"ఇంకొకటి రాయి బిడ్డా. బతుకమ్మ ఎత్తుకపోయే చెరువు కట్ట మీద లైటు ఈసారన్న పెడ్తరా, పెడితే ఏ నెలల పెడ్తరో అడుగు. పండుగైనంక పెడ్తే మాకెందుకది?"

రాశాను.